మిగతాది గ్రంథాలయంలో

ఆ శనివారం పొద్దున ఆరున్నరకు ఇంద్రాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి పంచాయతీ మైకులో పది నిమిషాలు సైన్సు వార్తలు చదవాలి. తొమ్మిదికి గ్రంథాలయం తెరవాలి. పదిన్నరకల్లా కనీసం ఇరవైమంది బెంచీల మీద కూర్చుని పేపర్లు తిరగేస్తూ ఉండాలి. పదకొండింటికి జిల్లా నుంచి వచ్చే తనిఖీ అధికారి ఆ దృశ్యాన్ని కళ్లారా చూడాలి. అంతే. ఇందులో ఎక్కడా మేకల ప్రస్తావన లేదు. బోరు లారీల ప్రస్తావన అంతకన్నా లేదు.

చెలిమపల్లె గుమ్మఘట్ట మండలంలో ఉంది. ఊరి పేరులో తప్ప ఊళ్లో నీళ్లు ఊరే చెలిమ లేదు. గ్రంథాలయంలో మాత్రం నాలుగువేల పుస్తకాలు, మూడు బెంచీలు, ఒక ఫ్యాను, గ్రంథపాలకురాలు ఇంద్రాణి ఉన్నారు. లేనిదల్లా పాఠకులే. రోజూ వచ్చే ఒకే ఒక్క మనిషి కరెంటు లైన్‌మన్ ఓబిలేష్. అతను కూడా పుస్తకాల కోసం కాదు, ఫ్యాను కోసం. మధ్యాహ్నం సంగటి తిని వచ్చి, బెంచీ మీద వెల్లకిలా పడుకుని, పేపరు ముఖం మీద కప్పుకుంటాడు. ఇంద్రాణి అతన్ని రిజిస్టరులో పాఠకుడనే రాస్తుంది. పేపరును కళ్లకు అంత దగ్గరగా పెట్టుకున్నవాణ్ని ఇంకేమని రాయాలి?

పాఠకులు లేని శాఖలను మూసేసి పుస్తకాలు రాయదుర్గానికి తరలిస్తారని పదిరోజుల కిందట ఉత్తరం వచ్చింది. ఇంద్రాణి దాన్ని మడిచి పెట్టి, మళ్లీ తీసి చదివింది. పద్దెనిమిదేళ్లుగా ఆ బీరువాల దుమ్ము దులుపుతున్న మనిషి. ఏ పుస్తకం ఏ అరలో ఉందో చీకట్లో కూడా చెప్పగలదు. తనను ఎక్కడికి బదిలీ చేసినా పోతుంది కానీ, ఈ గదికి తాళం పడుతుందన్న మాటే ఆమెకు మింగుడుపడలేదు.

దానికితోడు ఆమెకు సైన్సంటే పిచ్చి. పేపర్లో సైన్సు వార్త కనబడిందంటే కత్తిరించి పొడవాటి నోటుబుక్కులో అతికించాల్సిందే. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని చదివిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే తల పగిలిపోయేట్టుంటే, ఓబిలేష్‌ను తట్టిలేపి మరీ చెప్పింది.

"మూడు గుండెలా? అయితే దానికి మూడుసార్లు గుండెపోటు రావల్ల కదక్కా," అని అతను అటు తిరిగి పడుకున్నాడు.

అలాంటి ఊరిని గ్రంథాలయానికి రప్పించడం ఎలా? ఆడవాళ్లంతా సాయంత్రమయ్యేసరికి టీవీ సీరియలుకు అతుక్కుపోవడానికి కారణం అది బాగుండటం కాదనీ, రోజూ అసలు సంగతి దగ్గర ఆపెయ్యడమేననీ ఇంద్రాణి కనిపెట్టింది. ఇదీ ఒక శాస్త్రీయ ఆవిష్కరణే, పేపర్లో రాలేదు అంతే. వార్త సగం మైకులో, మిగతా సగం గ్రంథాలయంలో. ఆలోచన రాగానే ఆమెకు గంతెయ్యాలనిపించింది.

ఏడు గంటలకు మైకు గొంతు సవరించుకుంది.

"చెలిమపల్లె ప్రజలందరికీ నమస్కారం. ప్రపంచంలో కొత్తగా కనిపెట్టిన సంగతులు మూడు చెప్తా, వినుకోండి. ఒకటి. నీళ్లు లేక ఎండిపోయే చెట్లు గమ్మున ఉండవంట! చప్పుడు చేస్తాయంట! సైంటిస్టులు కాచుకోని కూర్చుని విన్నారంట. ఆ చప్పుడు ఎట్లుంటుంది? మిగతాది గ్రంథాలయంలో. రెండు. మన కాళ్ల కింద, భూమి లోపల, సముద్రాల్లో ఎన్ని నీళ్లుండాయో అన్ని నీళ్లుండొచ్చని తేల్చినారు. ఎంత లోతులో? మిగతాది గ్రంథాలయంలో. మూడు. ఆకాశంలో ఒక పెద్ద రాయి భూమి దిక్కు వస్తాండాదని కనిపెట్టినారు. అది యాడ పడుతుంది? మిగతాది గ్రంథాలయంలో. అందరూ పదిన్నరకు రాండి."

మైకు కట్టేసింది. మిగతా సగం చెప్పకుండా ఆపుకోవడం ఆమెకు తుమ్ము ఆపుకున్నంత కష్టమైంది. ఇంటికి పోయి తలారా స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, తొమ్మిదికి గ్రంథాలయం తెరిచింది. నేల తుడిచింది. కుండలో నీళ్లు నింపింది. బెంచీల మీద పేపర్లు పరిచి, గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో నిఘంటువు పెట్టింది. తొమ్మిదిన్నర అయింది. పదయింది. గడపలో పిల్లి కూడా అడుగు పెట్టలేదు.

పదీ పదికి ఓబిలేష్ రొప్పుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఏం చేసినావక్కా నువ్వు? ఊరు ఊరంతా చేన్లలో పండుకోనుంది!"

"పండుకోనుందా? ఎందుకప్పా?"

"శెనక్కాయ చెట్లు ఏమంటాండాయో వినేకి!"

వేరుశనగ ఊడలు భూమిలోకి దిగి కాయ పట్టే వేళ. వాన చినుకు పడి ఇరవయ్యారు రోజులైంది. ఆ స్థితిలో ఉన్న రైతుకు, నీళ్లు లేని చెట్టు చప్పుడు చేస్తుందని చెప్తే అతను గ్రంథాలయానికి ఎందుకు వస్తాడు? నేరుగా చేనికి పోతాడు. మగవాళ్లంతా సాళ్ల మధ్య బోర్లా పడుకుని, చెవులు చెట్లకు ఆనించి, ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. వాళ్లలో సర్పంచి బయ్యన్న ఒక అడుగు ముందుకేశాడు. చెట్ల ఏడుపును సెల్‌ఫోనులో రికార్డు చేసి పెద్దాఫీసర్లకు వినిపిస్తే, కరువు మండలంగా ప్రకటించక చస్తారా అన్నది ఆయన ఆలోచన. పావుగంట పడుకుని లేచి, తన చెట్లు అందరి చెట్లకన్నా గట్టిగా ఏడుస్తున్నాయని కూడా ప్రకటించాడు. కొన్ని చెట్లు తనను "నాయనా" అని పిలిచాయట.

"అది మేలక్కా," అన్నాడు ఓబిలేష్. "ఈరన్న బోరు బండిని పిలిపిచ్చినాడు."

"మళ్లా బోరా!" అంది ఇంద్రాణి. ఈరన్న ఇప్పటికి ఏడు బోర్లు వేయించాడు. ఏడింటిలోనూ తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఎనిమిదోది వేస్తే పుట్టింటికి పోతానని భార్య నాగలక్ష్మమ్మ తేల్చి చెప్పింది. కాళ్ల కింద సముద్రం ఉందని పంచాయతీ మైకే చెప్పాక, ఈరన్న ఇంకెవరి మాట వింటాడు? రాయదుర్గంలో ఉండే బోరు ఏజెంటు ఉదయ్ కుమార్‌కు ఫోను చేశాడు. సంగతి పక్కచేను బయ్యన్నకు తెలిసింది. ఆ సీమలో బోర్ల న్యాయం ఒకటే, ముందు తోడుకున్నవాడివే నీళ్లు. చెట్ల ఏడుపును అక్కడే వదిలేసి ఆయనా ఉదయ్ కుమార్‌కే ఫోను చేశాడు. అది విని మరో ఇద్దరు చేశారు. కాసేపటికి నాలుగు బోరు లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఊరి ఇరుకు వీధిలో ఇరుక్కుని, ముందుకూ పోలేక వెనక్కూ పోలేక హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి.

"మరి ఆడోళ్లన్నా వస్తారు కదప్పా?" అంది ఇంద్రాణి చివరి ఆశతో.

"వస్తాండారక్కా. అదిగో," అన్నాడు ఓబిలేష్ వీధిలోకి చూపిస్తూ.

వస్తున్నారు. కానీ ఒంటిగా రావడం లేదు. ముందు నాగలక్ష్మమ్మ, ఆమె వెనక పద్నాలుగు మేకలు, వాటి వెనక కోళ్ల గంపలతో మరో పదిమంది.

"ఇంద్రాణీ, జరుగు, జరుగు! రాయి పడేలోపల వీటిని లోపలికి తోలల్ల!"

"ఇది గ్రంథాలయమమ్మా! మేకలేంది?"

"మాది రేకుల కొట్టం. ఊర్లో గట్టి స్లాబు ఉండేది దీనికొక్కదానికే. నువ్వే కదా చెప్పితివి, రాయి యాడ పడుతుందో మిగతాది గ్రంథాలయంలో అని! గ్రంథాలయం మిందనే పడేటట్లుంటే నువ్వు ఈడికి రమ్మంటావా? అంటే ఈడ పడదనే కదా!"

ఇంద్రాణి గడపకు అడ్డంగా చేతులు చాపింది. ఆమె నోరు తెరిచేలోపల మేకలు లోపలికి దూరాయి. ఆడవాళ్లు ఇంకొన్నిటిని తోలుకురావడానికి వచ్చినదారినే పరుగెత్తారు. లారీలు అడ్డం ఉండటంతో జీపును ఊరిబయటే వదిలి, ఎర్రటి ఎండలో అర కిలోమీటరు నడిచి తనిఖీ అధికారి జయచంద్ర గడప తొక్కింది సరిగ్గా అప్పుడే.

ఆయన చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని చూశాడు. ఒక మేక చిన్న నిఘంటువును నేలమీదికి తోసేసి, దాని కింది పేపరు నములుతోంది. ఒక కోడి కార్డుల పెట్టె మీద కూర్చుంది. మూలన లైన్‌మన్ నిలబడి ఫ్యానుకేసి చూస్తున్నాడు.

"పాఠకులెక్కడమ్మా?" అన్నాడు జయచంద్ర.

"వస్తారు సార్. చేన్లలో... కొంచెం పండుకోనుండారు."

ఆయన కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. పాఠకుల సంఖ్య అన్న చోట సున్నా చుట్టాడు. కాస్త ఆలోచించి, దాని పక్కన చిన్న అక్షరాలతో "మేకలు 14" అని రాశాడు. ఇంద్రాణికి కళ్లనీళ్లు తిరిగాయి. మొత్తం తన చేతులారా తెచ్చుకున్నదే. వార్త పూర్తిగా చెప్పివుంటే ఊరు ఇంట్లోనైనా ఉండేది.

సరిగ్గా ఆ సమయానికి బోరు లారీల దగ్గర చిక్కు వచ్చింది. ఎలాగో దారి చేసుకుని ఈరన్న చేనికి చేరిన ఉదయ్ కుమార్, బండి నిలబెట్టి, మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాడు. ఎన్ని అడుగులన్నా?

"యాభై అడుగులో, ఐదొందలో. సముద్రమే ఉండాదంట కదా!" అన్నాడు ఈరన్న.

"అట్ల కుదరదన్నా. లోతు చెప్పకుంటే రాడ్లు ఎన్ని దించల్లో నాకెట్ల తెలుస్తుంది? మైకులో ఎంత లోతని చెప్పినారు?"

మైకులో చెప్పలేదు. మిగతాది గ్రంథాలయంలో ఉంది. ఆ ముక్క గుర్తుకు రావడంతోనే ఈరన్న పరుగు అందుకున్నాడు. అతను పరుగెత్తడం చూసి, లోతు ముందు అతనికి తెలిసిపోతుందేమోనని బయ్యన్న పరుగెత్తాడు. సర్పంచి పరుగెత్తడం చూసి, చేన్లలో చెవులు నొప్పెట్టేదాకా పడుకున్నా ఏమీ వినబడనివాళ్లంతా మట్టి దులుపుకుంటూ లేచి ఆయన వెనక పడ్డారు. రాయి ఎప్పుడు పడుతుందో తెలిస్తే వంట చేసుకోవాలో వద్దో తేల్చుకుందామని మిగిలిన ఆడవాళ్లు వచ్చారు. నాలుగు లారీల డ్రైవర్లూ, క్లీనర్లూ వచ్చారు. ఐదు నిమిషాల్లో గ్రంథాలయంలో మేకలు కాలు మడిచే చోటు లేకుండా పోయింది. లేవబోయిన జయచంద్ర లేవలేక మళ్లీ కూర్చున్నాడు.

"లోతెంత మేడం?"

"యా వైపు చెవి పెట్టల్ల?"

"రాయి పొద్దున పడుతుందా, మాపునా?"

ఇంద్రాణి నోటుబుక్కు తీసి బల్ల మీదికి ఎక్కింది. ఇందాకటి ఏడుపు ఎటు పోయిందో తెలియదు. వందమందికి పైగా జనం నోళ్లు తెరుచుకుని తనవైపే చూస్తున్నారు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. ఆమెకు ఒళ్లంతా పులకరించింది.

"ఒకటి," అంది. "చెట్లు చప్పుడు చేసేది నిజమే. పేలాలు వేగినట్లు టప్పు టప్పుమంటాయంట. సైంటిస్టులు టమేటా చెట్ల దగ్గర మైకులు పెట్టి పట్టుకున్నారు. అయితే ఆ చప్పుడు మనుషుల చెవికి ఆనదు. అంత సన్నంగా ఉంటుంది."

గది గదంతా సర్పంచి వైపు తిరిగింది.

"మరి నిన్ను నాయనా అనిందెవరన్నా?" అని అడిగాడు ఈరన్న.

"రాజకీయాల్లో ఉండేవాని చెవులు వేరు లేరా," అన్నాడు బయ్యన్న, మీసం మీది మట్టి దులుపుకుంటూ. "నువ్వు రెండోది చదువమ్మా."

"రెండు. ఆ నీళ్లు ఉండేది ఆరొందల కిలోమీటర్లకు పైన లోతులో. అవీ పారే నీళ్లు కాదు. రాతిలోనే కలిసిపోయి ఉండాయంట."

ఉదయ్ కుమార్ ఫోను తీసి లెక్క మొదలుపెట్టాడు. సగంలో ఆపి, "అంటే ఈడ నుంచి మద్రాసు పోయి మళ్లీ సగం దూరం వెనక్కి వచ్చినంత. రాడ్లు తెప్పియ్యల్లన్నా. కొంచెం టైం ఇయ్యండి," అన్నాడు నిరాశ చెందకుండా.

ఈరన్న మాత్రం తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నీళ్లు ఉండాయి. కానీ మనకు అందవు," అన్నాడు. "ఇది కనిపెట్టేకి సైంటిస్టులు కావల్లనా? మా నాయన ఎప్పుడో చెప్పినాడు."

అందరికన్నా ముందు నవ్వింది నాగలక్ష్మమ్మ. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎనిమిదో బోరు తప్పిపోయింది. పుట్టింటి ప్రయాణమూ తప్పింది. ఇంద్రాణి వైపు ఆమె చూసిన చూపులో, జీవితాంతం పేపరు చదవడానికి సరిపోయేంత కృతజ్ఞత ఉంది.

"మూడోది?" అన్న ప్రశ్న వినబడింది. అడిగింది ఎవరా అని అందరూ చూశారు. కుర్చీలో ఇరుక్కున్న జయచంద్ర. ఫైలు ఒళ్లో మూసుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జారిపోయినా సర్దుకోకుండా వింటున్నాడు.

"మూడోది సార్, ఆ రాయి వచ్చేది ఇంకా కొన్నేళ్లకు. మొదట భూమికి తగులుతుందేమోనని అనుమానపడినారు. తర్వాత లెక్క సరిగ్గా చూసుకుంటే, భూమికి తగలకుండా పోతుందని తేలింది."

"అయ్యో! తగలదా?" అంది నాగలక్ష్మమ్మ. "మరి మేకల్ని ఊరికే తోలుకొస్తినా?"

ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. ఇంకేమన్నా ఉందా అని అడిగారు. ఆక్టోపస్ మూడు గుండెల సంగతి చెప్తే మురిసిపోయారు. చంద్రుడి మీద మంచుందంటే, అక్కడికీ బోరు బండి పోతుందా అని ఉదయ్ కుమార్‌ను ఆటపట్టించారు. పోతూపోతూ అందరూ వరసగా రిజిస్టరులో సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. మొత్తం నూట పన్నెండు. ఓబిలేష్ కూడా పెట్టాడు. ఆ రిజిస్టరులో అతను నిద్రపోకుండా సంపాదించుకున్న మొదటి సంతకం అది.

జయచంద్ర సున్నాను కొట్టేసి, నూట పన్నెండు వేసి, మేకల్ని మాత్రం అలాగే ఉంచి, చాలాసేపు ఏదో రాశాడు. ఇంద్రాణి మేకల్ని పక్కకు నెట్టి ఫైలులోకి తొంగి చూడబోయింది.

"ఏం రాసినారు సార్?" అన్నాడు బయ్యన్న.

ఆయన లేచి నిలబడి ఫైలులోంచి గట్టిగా చదివాడు. "తనిఖీలో చూసిన విషయాలన్నీ పరిశీలించిన మీదట, చెలిమపల్లె శాఖా గ్రంథాలయాన్ని..."

ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"మిగతాది?" అంది ఇంద్రాణి.

"మిగతాది పోస్టులో," అని జయచంద్ర మేకల్ని తప్పించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ఇంద్రాణికి ముద్ద దిగలేదు. సగం వార్త ఎంత పాపమో అప్పుడు తెలిసొచ్చింది. ఊరు మాత్రం ఎప్పట్లాగే మిగతా సగాన్ని తనే పూర్తి చేసుకుంది. గ్రంథాలయానికి మేడ కట్టిస్తారని బయ్యన్న చెప్పుకున్నాడు. దాన్ని మేకల ఆసుపత్రి చేస్తారని నాగలక్ష్మమ్మ వాదించింది. ఆరో రోజు కవరు వచ్చేసరికి వీధి వీధంతా గ్రంథాలయం ముందుంది. ఇంద్రాణి కవరు అంచు చింపింది.

"చెలిమపల్లె శాఖా గ్రంథాలయాన్ని యథావిధిగా కొనసాగించవలెను," అని చదివింది. ఈలలు, కేకలు. ఓబిలేష్ ఆనందం పట్టలేక ఫ్యాను వేగం పెంచాడు. ఇంద్రాణి ఏడుస్తూ, నవ్వుతూ, చివరి వాక్యం కూడా చదివేసింది. "అయితే ఇకపై సైన్సు వార్తలను మైకులో పూర్తిగా చదువవలెను."

మాట తప్పే మనిషి కాదు. మరుసటి శనివారం నాలుగు కొత్త వార్తలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మైకులో చదివింది. ఊరంతా ఇళ్లలో కూర్చుని శ్రద్ధగా విన్నది. గ్రంథాలయానికి ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం బెంచీ మీదున్న ఓబిలేష్ ముఖం మీది పేపరు తీసి, ఖాళీ గదిని ఓసారి కలియజూశాడు.

"ఇట్లయితే మళ్లా మూస్తారేమో కదక్కా?"

"మూస్తారప్పా."

"ఫ్యాను కూడా తీస్కోని పోతారా?"

"ఫ్యాను కూడా."

ఓబిలేష్ ఆలోచిస్తూ పేపరు మళ్లీ కప్పుకున్నాడు.

అప్పటినుంచి చెలిమపల్లెలో ప్రతి శనివారం పొద్దున, ఇంద్రాణి ప్రతి వార్తా సరిగ్గా సగం చదివేసరికి, కరెంటు పోతోంది.